ఆక్సిజన్ ఐదో వరుసలో

మధ్యాహ్నం రెండు గంటలకు దిల్‌సుఖ్‌నగర్ చేరాం. రెండు లారీలు, ఒక జీపు. ఇరవై రెండు మందిమి. రెండు రబ్బరు పడవలు, వాటికి రెండు మోటార్లు, ముప్ఫై లైఫ్ జాకెట్లు, మూడు వందల మీటర్ల తాడు, మూడు వైర్‌లెస్ సెట్లు. వాన ముందు రోజు సాయంత్రం పట్టుకుంది, ఇంకా విడవలేదు. మెట్రో లైను కింద రోడ్డు మోకాలి లోతులో ఉంది. పిల్లర్ల మీది నంబర్లు చూసుకుంటూ డ్రైవర్ లారీని నడిపాడు. డివైడర్ ఎక్కడుందో వాటిని బట్టే తెలుస్తోంది.

సైన్యంలో అనుభవాలు చెప్పమంటే మా కాలనీ వాళ్లు మంచుకొండలు అడుగుతారు. మంచుకొండల్లోనూ చేశాను. అక్కడ ముక్కు చివర చర్మం ఊడింది, మళ్లీ వచ్చింది. అది చెప్పడానికి నాకేమీ ఇబ్బంది లేదు. నన్ను వదలని డ్యూటీ మాత్రం ఎల్.బి.నగర్‌లో, మా ఇంటికి ఆటోలో పావుగంట దూరంలో జరిగింది. ఐదు రోజుల డ్యూటీ. తూటా ఒక్కటి కూడా పేలలేదు.

పైన బాలాపూర్ వైపు చెరువులు నిండాయి. ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లోకి దిగి, అదీ నిండి, చివరికి అన్నీ కలిసి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మధ్య పల్లపు కాలనీల్లోకి వచ్చాయి. ఆ కాలనీల్లో కొన్ని ఒకప్పుడు చెరువు శిఖం, నీళ్లు నిలిచే నేల. ప్లాట్లు అమ్మినవాళ్లు మరిచిపోయారు, కొన్నవాళ్లకు చెప్పలేదు, నీళ్లకు మాత్రం గుర్తుంది. మేం వెళ్లేసరికి గ్రౌండ్ ఫ్లోర్లన్నీ మునిగాయి. కార్లు గోడలకు ఆనుకుని తేలుతున్నాయి. కరెంటు తీసేశారు.

మా క్యాంపు ఒక ఫంక్షన్ హాల్లో. ముందు రోజు అక్కడ పెళ్లి జరగాల్సి ఉందట. స్టేజీ మీద థర్మాకోల్‌తో వధూవరుల పేర్లు అలాగే ఉన్నాయి. యాంటెన్నా తీగ బయటికి లాగడానికి స్టేజీ వెనక కిటికీ అనుకూలంగా ఉంది కాబట్టి నా సెట్ అక్కడే పెట్టాను. ఆ ఐదు రోజులూ పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుని డ్యూటీ చేశాను. మా ఆవిడకు ఫోన్‌లో ఆ సంగతి చెబితే నవ్వలేదు. "నీళ్లు మన దిక్కు రాలే. అందరం మంచిగున్నం. ఉంటా" అని పెట్టేసింది. సిగ్నల్స్ వాడి పెళ్లాం. మాట పొదుపు నా దగ్గరే నేర్చుకుంది.

నేను సిగ్నల్స్ హవల్దార్‌ని. నా పని మాట పంపడం. ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ నాలుగే నేర్పాడు: ఆలోచించు, నొక్కు, చెప్పు, వదులు. మేం వాడిన సెట్‌లో ఛానల్ ఒక్కటే. ఎవరైనా బటన్ నొక్కి పట్టుకుంటే మిగతావాళ్లందరూ వినాల్సిందే. వాళ్లు మునిగిపోతున్నా సరే, ఆ వేలు లేచేదాకా ఇంకొకరి గొంతు బయటికి రాదు. అందుకని ఉస్తాద్ రోజూ మా చేత పేజీడు సంగతి రాయించి, దాన్ని ఒక్క వరుసకు కోయించేవాడు. ఆయన లెక్క ఒకటే. "ఏ మాట తీస్తే మనిషి చస్తాడో అది ఉంచు. మిగతావి తీసెయ్." ఇరవై ఏళ్ల సర్వీసులో నేను నమ్మిన శాస్త్రం ఇదొక్కటే.

సివిల్ ఆఫీసు వాళ్లు మాకూ వాళ్లకూ మధ్య ఒక అధికారిని పెట్టారు. లయజన్ సారు అనేవాళ్లం. నల్లగొండ దిక్కు మనిషి, యాభై దాటినవాడు, మంచివాడు. మొదటి రాత్రి మాకు వేడివేడి అన్నం తెప్పించింది ఆయనే. ఆయన తడిసిన బట్టల్లోనే తిరిగాడు తప్ప ఇంటికి పోలేదు. జనం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తారు, ఆయన రాసుకుని నాకిస్తాడు, నేను పడవలకు పంపుతాను. ఇదీ ఏర్పాటు. చిక్కంతా ఆయన రాతలో ఉంది. నోటితో మాట్లాడితే మనిషి, కలం పడితే ఫైలు.

మొదటి కాగితం ఇలా ఉంది. "ప్రస్తుతం నెలకొని ఉన్న భారీ వర్షాల తరుణంలో, గౌరవనీయులు, ప్రజల మనిషి, స్థానిక నాయకులు శ్రీ ఫలానా గారి ఆదేశాల మేరకు, వారి నివాసమునకు సమీపమున గల సదరు కాలనీ నందు, నీట మునిగి జలమయమైన గృహములలో చిక్కుకొని ఉన్న వయోవృద్ధులైన ముసలివారిని యుద్ధ ప్రాతిపదికన తక్షణమే వెంటనే తరలించవలసిందిగా కోరడమైనది." కిందెక్కడో చిన్న అక్షరాల్లో మూడో గల్లీ అనీ, పచ్చ రంగు మేడ అనీ, ఇద్దరు అనీ ఉంది.

నేను బటన్ నొక్కి, "బోటు వన్. మూడో గల్లీ. పచ్చ మేడ. ముసలోళ్లు ఇద్దరు. ఓవర్" అన్నాను.

బోటు వన్ నడిపేవాడు శ్రీకాకుళం కోస్తా కుర్రాడు. పుట్టింది సముద్రం ఒడ్డున. "మూడు. పచ్చ. ఇద్దరు. ఎల్తన్నాం" అని వదిలాడు.

లయజన్ సారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. "గంతేనా?" అన్నాడు.

"గంతే సార్."

"నేను పేజీ నిండ రాస్తి."

"ముసలోళ్లను తెచ్చేటందుకు పేజీ అక్కర లేదు సార్."

నవ్వాడు. "మీ మిలిటరీల గింత కరువా మాటలకు?" అంటూ ఇంకో కాగితం అందుకున్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన రాయడం, నేను కోయడం. పని చకచకా సాగింది. చీకటి పడేలోపు రెండు పడవలూ ఎనభై మందికి పైగా జనాన్ని ఒడ్డుకు చేర్చాయి. ఒక గర్భిణి, చేతికి సెలైన్ సూది ఉన్న ఒక పెద్దాయన, తులసి కుండీ వదలనని మొండికేసిన ఒకావిడ. కుండీతో సహా తెచ్చాం. ఆ రాత్రి మా సుబేదార్ సాబ్ నా భుజం తట్టాడు. పడవల ఇన్‌ఛార్జి ఆయన, ఉత్తరాది మనిషి, మెచ్చుకోవడం అరుదు.

ఆ మెచ్చుకోలు గంట కూడా నిలవలేదు. తెల్లచొక్కాల వాళ్లు నలుగురు హాల్లోకి వచ్చారు. ఆ స్థానిక నాయకుడి మనుషులు. పడవ ఎక్కిన జనం, మిమ్మల్ని పంపింది ఎవరు నాయనా అని అడిగితే మా శ్రీకాకుళం కుర్రాడు, కంట్రోలు పంపినాది అన్నాడట. ఏ నాయకుడి పేరూ చెప్పలేదట. నాయకుడి ఇల్లు మాత్రం ఆ వీధి చివరే, ఎత్తు మీద, పొడిగా ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి సామెత విన్నాను. అలాంటి మనుషులను చూడటం అదే మొదలు.

లయజన్ సారు ఫోన్ మోగింది. స్టేజీ పక్కన నిలబడి మాట్లాడాడు. మాట్లాడాడు అనకూడదు, విన్నాడు. "సార్, సార్, మళ్ల జరుగదు సార్" అని మాత్రం వినిపించింది. ఫోన్ పెట్టాక ముఖం తుడుచుకుని తిన్నగా సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి నాకు ఆర్డర్ వచ్చింది. సివిల్ వాళ్లు ఇచ్చిన కాగితం ఒక్క మాట కూడా వదలకుండా చదవాలి.

"జైసా లిఖా హై, వైసా పఢో" అన్నాడు సుబేదార్ సాబ్. రాసింది రాసినట్టు చదువు.

"సాబ్, ఛానల్ ఒకటే ఉంది. అంతసేపు నొక్కి పట్టుకుంటే పడవలు మాట్లాడలేవు."

"మాలూమ్ హై." తెలుసు అన్నాడు. సివిల్ వాళ్ల ఊళ్లో సివిల్ వాళ్లతో గొడవ వద్దని పైనుంచి చెప్పారట. మా సైన్యంలో ఆ మాట పడితే ఇంక వాదన ఉండదు.

రెండో రోజు ఉదయం వాన తగ్గింది. జనం సంతోషించారు. మేం సంతోషించలేదు. వాన తగ్గాక పై చెరువుల నీళ్లు ఇంకా జోరుగా దిగుతాయి. నడుము లోతు ఉన్న చోట ఛాతీ లోతు అయింది. గల్లీల్లో ప్రవాహం వేగం పుంజుకుంది. పడవ ఒక మేడను దాటిందంటే మళ్లీ వెనక్కి రావడానికి వీధంతా చుట్టి రావాలి. మోటారు రెక్కలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుంటున్నాయి. ఆగి, కత్తితో కోసి, మళ్లీ స్టార్ట్ చేయాలి.

పదిన్నరకు హెల్ప్‌లైన్ ఫోన్ మోగింది. లయజన్ సారు రాస్తూ ఉన్నాడు. నేను ఎత్తి, ఆయనకూ వినిపించాలని స్పీకర్ పెట్టాను.

"నమస్కారమండీ. సైన్యం వారి సహాయ కేంద్రమేనాండీ? నా పేరు కామేశ్వరరావండి. రిటైర్డ్ సూపరింటెండెంట్‌ని. ముందుగా, ఇంత వానలో మా అందరి కోసం మీరు పడుతున్న శ్రమకు..."

"ఎక్కడున్నరు సార్?"

"అయ్యో, క్షమించాలి. మీ విలువైన సమయం తీసుకుంటున్నాను. మాది తూర్పు గోదావరి జిల్లా అండి. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్లవుతోంది. ఏనాడూ ఇలా ఎవరినీ ఇబ్బంది పెట్టిన..."

"సార్, అడ్రస్ చెప్పున్రి."

"చెబుతానండి, చెబుతాను. తప్పుగా అనుకోకండి. నాకు సాయం అడగడం అలవాటు లేదు. నిన్న రాత్రే ఫోన్ చెయ్యమంది మా ఆవిడ. మాకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమందో ఉంటారు, వాళ్లకి అడ్డం పడకూడదని నేనే ఆగాను. ఈ ఫోన్‌లో చార్జింగ్ కూడా అట్టే లేదండి, అందుకని క్లుప్తంగానే మనవి చేస్తాను..."

నేను అడ్డుపడిన కొద్దీ ఆయన కంగారుపడి ఇంకొక క్షమాపణ కలుపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, పెద్దాయన చేసిన తప్పేమిటో నాకు తెలియడం లేదు. ఎదుటివాడిని ముందు పలకరించి తర్వాత అవసరం చెప్పాలని ఆయనకు ఇంట్లో నేర్పారు. ఆఫీసులోనూ జీవితమంతా అలాగే రాశాడు. ప్రాణం మీదికి వచ్చిన రోజున మాత్రం అది పనికిరాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఎవరికి బాగలేదు సార్?" అన్నాను.

"మా ఆవిడకండి. ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మిషన్ మీద ఉంటుంది. కరెంటు లేదు కదండీ, సిలిండర్ పెట్టాం. అది కూడా అడుగంటిందండి."

"కాలనీ ఏది? అపార్ట్‌మెంట్ పేరేంది?"

కాలనీ పేరు చెప్పాడు. "అపార్ట్‌మెంటు సాయి..." అన్నాడు. ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్.

మన దగ్గర అపార్ట్‌మెంట్ కట్టిన ప్రతివాడికీ ముందు గుర్తొచ్చే పేరు అదే. ఆ ఒక్క కాలనీలో సాయి నిలయం, సాయి రెసిడెన్సీ, సాయి కృప, సాయి టవర్స్, శ్రీ సాయి హోమ్స్ అన్నీ ఉన్నాయి. ఐనా ఫర్వాలేదు. బోటు వన్ అప్పటికి ఆ కాలనీ మొదట్లోనే ఉంది. వీధి వెంట పోతే మేడలన్నీ కనిపిస్తాయి, పెద్దాయన బాల్కనీలోకి వస్తాడు. ఆర్డర్ పక్కన పెట్టి బటన్ నొక్కాను.

"బోటు వన్. ఆక్సిజన్ పేషెంట్, ఆడమనిషి. నీ కాలనీలోనే. బిల్డింగ్ పేరు సాయితో మొదలు. ఓవర్."

"ఆక్సిజను. సాయి. ఎల్తన్నాం. సాయిలు సానా ఉన్నాయి సారూ, ఏ సాయి? ఓవర్."

బాల్కనీలు చూసుకుంటూ పో, చెయ్యి ఊపినవాళ్ల దగ్గర ఆగు అని చెప్పబోయాను. నా చేతిలోంచి హ్యాండ్‌సెట్ పోయింది. లయజన్ సారు తీసుకున్నాడు. స్పీకర్‌లో పెద్దాయన మాట్లాడుతున్నంతసేపూ ఈయన కాగితం తయారుచేస్తూనే ఉన్నాడు.

"నిన్నటి ఆర్డర్ యాదికి లేదా హవల్దార్ సాబ్? పేరు లేకుంట పోవద్దు. నేనే చదువుతా" అన్నాడు. బటన్ నొక్కాడు.

"ప్రస్తుతం నెలకొని ఉన్న వరద విపత్తు పరిస్థితుల నేపథ్యంలో..."

"సార్, ఇడువున్రి. బోటు అడుగుతున్నడు, జవాబు చెప్పాలె."

ఎడమ చెయ్యి ఎత్తి, ఒక్క నిమిషం అని సైగ చేశాడు. చదువుతూనే ఉన్నాడు. గౌరవనీయులు, ప్రజల మనిషి. ఆదేశాల మేరకు. వారి నివాసమునకు సమీపమున గల. నేను చెయ్యి చాపాను. హాలు గుమ్మంలోంచి సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది. "పఢ్నే దో." చదవనివ్వు. చెయ్యి దించేశాను. ఇరవై ఏళ్లుగా ఆ గొంతుకు దిగిన చెయ్యి అది.

ఆయన వెనక నిలబడి కాగితం చూశాను. ఆక్సిజన్ అనే మాట ఐదో వరుసలో ఉంది. ఆయన అప్పుడు రెండో వరుసలో ఉన్నాడు. మంచి దస్తూరి.

చదవడం పూర్తయ్యేసరికి రెండు నిమిషాలు దాటింది. బటన్ వదిలాడు. వెంటనే కుర్రాడి గొంతు అరిచింది. "కంట్రోలూ, ఎనక ఒక మేడ కాడ తువ్వాలు ఊపినారు, అదేనా అని అడుగుదారంటే లైను దొరకనేదు. మీరు నాయకుడు గారి ఇల్లు అన్నారు కదా, మరి ఆడికే ఎల్తన్నాం. నీటి జోరుకి ఎనక్కి తిరగనేం. ఓవర్."

నేను హ్యాండ్‌సెట్ లాక్కున్నాను. "తువ్వాలు ఊపిన ఇల్లే. వెనక్కి రా." అప్పటికి వాళ్లు నాలుగు మేడలు దాటిపోయారు. నాయకుడి ఇంటి మూల తిరిగి వెనక వీధిలోంచి చుట్టి రావాలి. ఆ మూల దగ్గర కొందరు సామాన్లు పట్టుకుని పడవ అంచు పట్టుకున్నారు. వాళ్లను విడిపించుకోవాలి. వెనక వీధిలో మోటారుకు కవర్లు చుట్టుకున్నాయి. ఇదంతా నాకు సెట్‌లో ముక్కలు ముక్కలుగా వినిపిస్తూ ఉంది. "మోటరు ఆగింది. ఓవర్." "కోస్తన్నాం. ఓవర్." పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుని విన్నాను.

బోటు టూ ఒడ్డుకు రాగానే నన్ను కూడా వెళ్లమన్నాడు సుబేదార్ సాబ్. నర్సింగ్ అసిస్టెంట్, నేను, ఒక ఆక్సిజన్ సిలిండర్. ఆయన నా ముఖం వైపు చూడలేదు. మేం ముందు వైపు నుంచి, బోటు వన్ వెనక వైపు నుంచి ఒకేసారి చేరాం. సాయి కృప. ఫోన్ ఆగిపోయి అప్పటికి యాభై నిమిషాలు. మొదటి అంతస్తుకు పోయే మెట్ల మీద సగం వరకు బురద నీళ్లు. రెండో అంతస్తు, రెండు వందల మూడు. తలుపు తెరిచే ఉంది.

కామేశ్వరరావు గారు సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎవరో వస్తారు కదా అని వేసుకున్నాడేమో. ఆవిడ కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. ముక్కుకు గొట్టం ఉంది. సిలిండర్ మీద ముల్లు సున్నా దగ్గర ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు, కళ్లు చూశాడు, గుండె మీద కాసేపు ఒత్తాడు. తర్వాత లేచి నిలబడి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉందని తర్వాత పడవలో నాతో అన్నాడు. అనకపోయినా బాగుండేది.

పెద్దాయన ఏడవలేదు. నా గొంతు గుర్తుపట్టడానికి అన్నట్టు నా పేరు అడిగాడు. చెప్పాను.

"ఫోన్‌లో మీరేనాండీ?"

"నేనే సార్."

"నేను ఎక్కువ మాట్లాడానాండీ?"

తక్కువ మాటల్లో నిజం చెప్పడం నా వృత్తి. ఆ గదిలో రెండే మాటలు వచ్చాయి. "లేదు సార్." అది పూర్తి నిజం కాదు, పూర్తి అబద్ధమూ కాదు. ఆయన మూడు నిమిషాలు తీసుకున్నాడు, వాక్యానికొకసారి క్షమాపణ అడుగుతూ. మా వైపు వాళ్లు దాదాపు గంట తీసుకున్నారు, ఎవరూ క్షమాపణ అడగలేదు. ఆ తేడా ఆయనకు వివరించాల్సింది. నా వల్ల కాలేదు. ఆవిడను దుప్పటిలో చుట్టి నలుగురం మోసుకుని దించాం. బోటు వన్ కుర్రాడు మోటారు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నాను సూసినాను సారూ, తువ్వాలు సూసినాను. ఎన్నిసార్లు నొక్కినా మీ కాడి గొంతే వస్తంది" అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు.

ఐదో రోజు నీళ్లు తీశాయి. ఎల్.బి.నగర్‌లో మాకు సన్మానం చేశారు. శాలువాలు కప్పారు. ఆ నాయకుడు గంటసేపు ఊకదంపుడు ఉపన్యాసం ఇచ్చాడు. సకాలంలో స్పందించి, ఒక్క ప్రాణం కూడా పోకుండా, అన్నాడు. వందన సమర్పణ లయజన్ సారుది. ఆయన పేర్లన్నీ వరుస తప్పకుండా చదివాడు. తర్వాత మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిద్ర పడ్తలేదు హవల్దార్ సాబ్" అన్నాడు. "గా పేరు నా కోసం రాసిన్నా? పేరు లేకుంటే తెల్లారి నా సీటు ఉండదు. ఇద్దరు బిడ్డల సదువులున్నయి. నేనేం చెయ్యాలె, మీరే చెప్పున్రి."

ఆయన మీద నాకు కోపం ఉండాలి. ఉంది కూడా. నేను చెయ్యి విడిపించుకుని లారీ ఎక్కాను.

యూనిట్‌కు తిరిగి వెళ్లాక రిపోర్ట్ రాసే పని నాకే పడింది, క్లుప్తంగా రాస్తానని పేరుంది కదా. సివిల్ వాళ్ల రిపోర్ట్ ఎనిమిది పేజీలు, మాది ఒక పేజీ ఉండాలి. రాశాను. పడవలు, జనం, గంటలు, పెట్రోలు. చివర ఒక వరుస: సందేశం ఆలస్యం వల్ల పడవ దారి తప్పింది, ఆక్సిజన్ అందక ఒక మహిళ మృతి. రెండు రోజులకు పై ఆఫీసు నుంచి టైప్ చేసిన కాపీ వచ్చింది. పెట్రోలు లీటర్లతో సహా అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క వరుస లేదు. ఎందుకని అడిగితే, ఆవిడది పాత జబ్బు, వరద మృతి కిందికి రాదు, రిపోర్ట్‌కు అనవసరం అన్నారు. గౌరవనీయులు అన్న మాట ఒక్కటి కోయడానికి ఎవరికీ చెయ్యి రాని చోట, మనిషిని కోసేయడానికి ఒక్క గీత సరిపోయింది. ఉస్తాద్ లెక్క తిరగబడింది. ఏ మాట ఉంచితే చావు తెలుస్తుందో, ఆ మాట తీసేశారు.

రిటైరయ్యాక ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతున్నాను. పోటీ పరీక్షల పిల్లలకు సంక్షిప్తంగా రాయడం నేర్పుతాను. నన్ను కోత సారు అంటారు, నా ఎదుట అనరు. "ప్రస్తుత తరుణంలో" అని ఎవరైనా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాను. "తక్షణమే వెంటనే" అని కనిపిస్తే కాగితం తిరిగిచ్చేస్తాను. ఒకమ్మాయి అడిగింది, "గీ రెండు మాటలకే గంత కోపమేంది సార్?" అని. పరీక్షలో మార్కులు పోతాయమ్మా అన్నాను.

యూనిఫాం విప్పిన నెలలోనే కామేశ్వరరావు గారి ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఆయన అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాలనుకున్నాను. బటన్ సంగతి, కాగితం సంగతి, ఐదో వరుస సంగతి. తలుపు ఆయనే తీశాడు. గుర్తుపట్టాడు.

"రండి" అన్నాడు. "కూర్చోండి." లోపలికి వెళ్లి కాఫీ తెచ్చాడు. "పంచదార?" అని అడిగాడు. అంతే.

నేను చెప్పడం మొదలుపెట్టాను. తప్పు ఆయనది కాదని, ఆయన ఫోన్ ఆగిపోయేసరికి పడవ ఆ వీధిలోనే ఉందని, కాగితం చదువుతుండగా ఇంటి ముందు నుంచి దాటిపోయిందని, అన్నీ చెప్పాను. నా జీవితంలో అంత పొడుగ్గా మాట్లాడింది అప్పుడే. ఆయన మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. తూర్పు గోదావరి గురించిగాని, మా ఆవిడా పిల్లలూ ఎలా ఉన్నారనిగాని, ఇంత దూరం వచ్చినందుకు కృతజ్ఞతలనిగాని అనలేదు. మాట కోసం తడుముకుంటున్నట్టు కూడా లేడు. అడగని మాట అవసరం లేదన్నట్టు కూర్చున్నాడు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. అది గోడ దగ్గర చార్జింగ్‌లో ఉంది. తీగ పొట్టిది. తీగ ఊడదీయకుండానే, ఆ ప్లగ్గు దగ్గర నడుము వంచి నిలబడి ఎత్తాడు. ఎవరని చూడలేదు.

"సాయి కృప. రెండో అంతస్తు. రెండు వందల మూడు" అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు.

"హలో" అన్నాడు.

లోను కావాలా అని ఎవరో ఆడపిల్ల అడుగుతోంది. అక్కరలేదమ్మా అని పెట్టేసి, ఫోన్ నిండా చార్జింగ్ ఉందో లేదో వంగి చూసుకున్నాడు.